ఎడమ భుజానికి వంచిన కర్ర

చెప్పిన వేళకంటే ముందే వచ్చి తలుపు కొట్టేవాడికి ఆశ ఎక్కువ, ఆలస్యంగా వచ్చేవాడి మనసులో ఇంకో బేరం నడుస్తూ ఉంటుంది, సరిగ్గా వేళకి వచ్చేవాడు ఇంటి దగ్గర చెప్పులు తొడుక్కున్నప్పుడే కొనేసి ఉంటాడు. జీవితమంతా కలప అమ్మిన షావుకారుకి ఈ లెక్క ఎప్పుడూ తప్పలేదు. కానీ ఈ మధ్యాహ్నం ముందు గదిలో కుర్చీ అంచున కూర్చుని, రైఫిల్ కొనడానికి రాబోయే పళ్ళ డాక్టరు ఈ ముగ్గురిలో ఎవరైతే తనకి మంచిదో తేల్చుకోలేకపోతున్నాడు, అసలు రాకపోతే బాగుండునన్న మాటని మాత్రం నాలుక దాకా రానివ్వడం లేదు. బల్ల మీద పాత దుప్పటి పరిచి, దాని మీద జంట గొట్టాల రైఫిల్ని అడ్డంగా పడుకోబెట్టాడు. నూనె గుడ్డ చేతిలో ఉంది గాని తుడవడానికి దుమ్మంటూ ఏమీ లేదు, పొద్దున్నే తుడిచాడు. కిటికీ అవతల ఎవరో స్టార్టు కాని బండిని తన్నుతున్నారు, ఆగి మళ్ళీ తన్నుతున్నారు, ఆ చప్పుడు వింటే ట్యాంకులో పెట్రోలు లేదని వీధిలో అందరికీ తెలుస్తుంది, తన్నేవాడికి తప్ప. లోపలి గదిలోంచి భార్య గొంతు వచ్చింది.

"వచ్చాడా?"

"ఇంకా వేళ కాలేదుగా."

"అయితే ఆ గుడ్డ పక్కన పడెయ్యండి. అమ్మే వస్తువుని అంతగా రుద్దితే కొనేవాడికి అనుమానం వస్తుంది."

మంచం మీంచి చూడకుండానే ఎలా చెప్పిందో! గుడ్డ పక్కన పెట్టి, చేతులు ఊరుకోక, రైఫిల్ పక్కభాగంలో బిగించిన మరమేకులని వేలితో తడిమాడు. ఆ మరల తలల మీద గాడులన్నీ ఒకే దిక్కుకి, గొట్టాల పొడవునా సాగి ఉంటాయి, ఒక్కటి కూడా పక్కకి తిరిగి ఉండదు. ఏ వడ్రంగి అయినా బిగిసేదాకా తిప్పి వదిలేస్తాడు, గాడి ఎటు ఆగితే అటు. ఇక్కడ ఎవడో మహానుభావుడు, ఎప్పుడో చచ్చి మట్టైపోయిన వాడు, మర బిగిసే చోటే గాడి కూడా నిటారుగా నిలిచేట్టు ఒక్కొక్క దాన్నీ అరగదీసి కూర్చున్నాడు. దీనివల్ల తూటా ఒక వెంట్రుకవాసి కూడా బాగా పోదు, అయినా చేశాడు. ఇలాంటి పనివాడికి షావుకారు ముందే డబ్బిచ్చి, పని ఎప్పుడవుతుందని అడక్కుండా ఇంటికెళ్ళి పడుకునేవాడు. మీట పక్కకి తోసి గొట్టాలు వంచి, మళ్ళీ మూశాడు. ఆ మూత చప్పుడంటే ఆయనకి ప్రాణం. ఇనుము ఇనుముకి కొట్టుకున్నట్టుండదు, మంచి కర్రతో చేసిన బీరువాలో ఒక సొరుగు మూస్తే ఆ గాలికి పక్క సొరుగు మెల్లిగా బయటికొస్తుందే, అలా ఉంటుంది. ఇక నగిషీ, రెప్ప వెంట్రుకంత సన్నటి తీగలు, మొదలెక్కడో కనిపెట్టబోతే కళ్ళు నీళ్ళు కారతాయి. కానీ నిజం చెప్పుకోవాలి, ఇవేవీ చూసి కొనలేదు తను. దాని వెనక భాగం కర్రని చూసి కొన్నాడు. పడగొట్టబోతున్న పాత బంగళాలో తలుపులు, మెట్లు, దూలాలు కొందామని వెళ్తే, సామాను ఖాళీ చేయించే గుత్తేదారు ఒక మూల దీన్ని ఆనించి పెట్టాడు. అక్రోటు కర్ర, వేరుకి దగ్గరగా కోసిన ముక్క, చేవంతా దాంట్లోనే ఉంది, నల్లటి పొగ తేనెలో చుట్టలు తిరిగి గడ్డకట్టినట్టు. లారీలకి లారీలు కలప కొన్నాడు గాని ఇలాంటి ముక్క కళ్ళబడటం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. అయితే వ్యాపారి కన్ను ముందు లోపాన్నే వెతుకుతుంది. భుజానికి ఆనే మడమ వైపు నుంచి ఒంటికన్నుతో పొడవునా చూశాడు, పలకని చూసినట్టు. కర్ర ఎడమకి వంకర తిరిగి ఉంది. సరిగ్గా ఆరకముందే కోశారు, తేమకి తిరిగిపోయింది, అని గుత్తేదారుకి ఉపన్యాసం ఇచ్చి, ఆ వంకర పేరు చెప్పి ధర తగ్గించి, తనంతటివాడు లేడనుకుంటూ ఇల్లు చేరాడు. భుజానికి ఆనించి చూడాలన్న ఆలోచనే రాలేదు. దూలం కొన్నవాడు దాన్ని నెత్తిన పెట్టుకుని చూస్తాడా?

ఆ తర్వాత తుపాకుల మిస్త్రీ నవ్వాడు చూడు, ఆ నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది. లైసెన్సు కాగితాలు చేతికొచ్చాక ఒకసారి చూపిద్దామని మిస్త్రీ కొట్టుకి తీసుకెళ్ళాడు, బజారు పని ఉందని భార్య కూడా వచ్చింది. ఈ వంకర తీయగలవా అని అడిగితే మిస్త్రీ కర్రని అటూ ఇటూ తిప్పి, నవ్వి, మళ్ళీ ఆపుకుని, "షావుకారు గారూ, ఇది తిరిగిన కర్ర కాదు, తిప్పిన కర్ర. ఎడమచేతి వాటం మనిషెవరో భుజం కొలతలిచ్చి చేయించుకున్నాడు. మీకు కావాలంటే వేడి నూనె పట్టించి మెల్లిమెల్లిగా కుడికి వంచేస్తాను, అదేం పెద్ద పని కాదు" అన్నాడు. వంచెయ్యి అనబోయాడు తను. నోరు తెరిచాడు కూడా. అప్పుడు ఆవిడ కూరగాయల సంచీ నేల మీద పెట్టి, "ఒక్కసారి ఇటివ్వండి" అంది. అంతవరకూ ఆ మనిషి తుపాకీ ముట్టలేదు. మిస్త్రీ చెప్పాడు, కళ్ళు మూసుకుని భుజానికి ఎత్తండమ్మా, ఎత్తాక కళ్ళు తెరవండి, గురి ఎదురుగా ఉంటే తుపాకీ మీది, వెతుక్కోవాల్సొస్తే పరాయిది. ఆవిడ కళ్ళు మూసింది. ఎత్తింది. ఎత్తడంలో ఆలోచించినట్టే లేదు, పిల్లని ఎత్తుకున్నట్టు, మడమ ఎడమ భుజం గుంటలోకి వెళ్ళి కూర్చుంది, చెంప కర్ర మీద వాలింది, అప్పుడు కళ్ళు తెరిచి, ఊపిరి కూడా వదలకుండా అలాగే ఉండిపోయింది. కొట్టు బయట రిక్షాలు, అరుపులు, అన్నీ ఎక్కడికో పోయినట్టయింది షావుకారుకి. పెళ్ళై అన్నేళ్ళు ఒక కంచం ఒక మంచం అన్నట్టు బతికిన మనిషి, ఈమెకి ఇలా నిలబడటం వచ్చని తనకెందుకు తెలియలేదు? మిస్త్రీ మెల్లిగా అన్నాడు, "దీన్ని వంచకండి."

ఆ పూట ఇంటికొస్తూ ఆవిడే చెప్పింది, చిన్నప్పుడు బళ్ళో పంతులు ఎడమచేతి వేళ్ళ మీద బెత్తంతో కొట్టి కొట్టి కుడిచేత్తో రాయించాడని. రాత ఒక్కటీ కుడిచేతికి ఇచ్చి, మిగతా లోకమంతా ఎడమచేతిలోనే దాచుకుందిట. రైఫిల్ కర్ర అడుగున పేరు చెక్కించుకోవడానికి కోడిగుడ్డు ఆకారంలో చిన్న వెండి బిళ్ళ ఉంది, చేయించుకున్నవాడు ఎందుకో పేరు చెక్కించలేదు, నున్నగా ఖాళీగా ఉంది. నాకోసమే వదిలేశాడు పాపం అంది. అప్పట్నుంచి ఆదివారాలన్నీ ఊరవతల పాత రాతి క్వారీలో, షూటింగ్ క్లబ్బు వాళ్ళు గురి పెట్టుకునే చోట గడిచాయి. లైసెన్సు ఆవిడ పేరునా తెచ్చారు. కాల్చేది ఆవిడ, తూటాల సంచీ మోసేది తను. నలుగురిలో చెప్పుకోడానికి కాస్త నామోషీగా ఉండేది మొదట్లో. మాట పడటం కూడా అయింది, "షావుకారు తుపాకీ కొన్నది ఇల్లాలికి భయపడటానికా?" అని. ఇల్లాలి గురి చూశాక ఆ మాట అన్నవాళ్ళే పక్కకి జరిగి దారిచ్చారు. క్వారీలో పొద్దుటి పూట రాయి ఇంకా చల్లగా ఉంటుంది, పేలిన చప్పుడు ఆ గోడకీ ఈ గోడకీ తగిలి నలుగురైదుగురు పోట్లాడుకుంటున్నట్టు తిరిగొస్తుంది. పెద్ద తూటా, పేలగానే వెనక్కి తన్నే తన్ను గట్టిగా ఉండేది, ఆ తన్నుకి ఆవిడ ఒక అడుగు వెనక్కి పడుతుందని తను వెనక నిలబడి, అరచెయ్యి ఆవిడ ఎడమ భుజం వెనక ఆనించి పట్టుకునేవాడు. గుండు ఎటు పోయిందో తనకి అక్కర్లేదు. అది పేలినప్పుడల్లా ఆ దెబ్బ ఆవిడ భుజంలోంచి దాటి తన అరచేతిలోకి వచ్చేది, వేడివేడిగా, ఒక మనిషి లోపల జరిగింది ఇంకో మనిషికి అంత నేరుగా చేరడం అసలుంటుందా? ఎన్ని లాభాలు చూశాడు జన్మలో, ఒక్కటీ అరచేతికి అలా తగల్లేదు. ఇప్పుడు బల్ల మీద ఈ కర్రని ముట్టుకుంటే అరచెయ్యి దాన్నే అడుగుతోంది.

మిస్త్రీ ఒకసారి ఇంకో సంగతి చెప్పాడు. ఈ రెండు గొట్టాలూ చూడటానికి పక్కపక్కనే సమానంగా ఉన్నాయనిపిస్తాయి గాని, ఉండవట. అలా ఉంటే ఒకదాని గుండు ఒకవైపు, ఇంకోదాని గుండు ఇంకోవైపు పోతాయట. చేసినవాడు కొసన సీసం పోసి అతికించి, కాల్చి చూసి, సీసం కరిగించి, మధ్యనున్న చిన్న ఇనుప ముక్కని గోరంత జరిపి, మళ్ళీ అతికించి, మళ్ళీ కాల్చి, ఇలా రోజుల తరబడి చేస్తే గాని రెండు గుండ్లూ ఒకేచోటికి చేరవట. ఆవిడ అంతా విని, "మనల్ని కూడా ఎవరైనా అంత ఓపిగ్గా అతికించి ఉంటే ఎంత బాగుండేది, మనకి తాళి కట్టించి భోజనాలకి లేచిపోయారు" అంది. మిస్త్రీ ముందే అనేసింది. మిస్త్రీ మొహం తిప్పుకుని ఆకురాయి వెతుక్కున్నాడు. షావుకారు ఆ మాట తలుచుకుని ఇప్పుడు కూడా నవ్వాడు, నవ్వి, లోపలికి వినపడిందేమోనని నోరు మూసుకున్నాడు, ఎందుకంటే ఈ నవ్వు దేనిమీదని ఆవిడ అడుగుతుంది, నీమీదే అని చెప్తే, ఏ నామీద, అప్పటి నామీదా ఇప్పటి నామీదా, అని అడుగుతుంది.

అదే కదా వచ్చిన చిక్కు. పోయిన వర్షాకాలంలో ఒక పొద్దున ఆవిడ మంచం దిగబోయి కింద పడింది. ఎడమవైపు మొత్తం పోయింది, చెయ్యి, కాలు, మూతి కొస. మాట మిగిలింది, కాస్త జారుతుంది, పదును మాత్రం పోలేదు. ఆసుపత్రిలో కుడిచేత్తో కాగితం మీద సంతకం పెట్టి, "ఆ పంతులు బెత్తానికి ఇన్నాళ్ళకి బాకీ తీరింది, లేకపోతే ఇవాళ వేలిముద్ర వేసేదాన్ని" అంది. డాక్టర్లు నవ్వారు. తను నవ్వలేకపోయాడు. ఎడమచేతిలో దాచుకున్న లోకమంతా ఎక్కడికి పోయినట్టు? ఇంట్లో కింద మంచానికి వీలైన గది ఒక్కటే, అందులోనే రైఫిల్ పెట్టిన అద్దాల బీరువా, దానికెదురుగా ఆవిడ మంచం వెయ్యాల్సొచ్చింది. రోజూ పొద్దున్నే లేచి ముందు బీరువా తాళం తీసేవాడు. వాడని వస్తువుకి తుప్పు పడుతుందని పైకి కారణం. నిజానికి ఆ కాసేపూ కర్రని పట్టుకుంటే క్వారీలో చల్లటి రాయి, చప్పుడు, ఆ భుజం, అన్నీ వరసగా వచ్చి నిలబడేవి. ఆ తర్వాత ఇటు తిరిగి ఆవిడ మొహం తుడిచి, జుట్టు దువ్వి, అన్నం తినిపించేవాడు. దేంట్లోనూ లోటు చెయ్యలేదు. లోటు చెయ్యలేదనే తన లెక్క. మొన్న దువ్వుతుంటే ఆవిడ అంది, "ఆ రైఫిల్ అమ్మేయండి."

"ఎందుకిప్పుడు? తిండికి లేకనా?"

"దాన్ని తుడిచేటప్పుడు మీ మొహం చూస్తాను. నా మొహం తుడిచేటప్పుడూ చూస్తాను. రెండూ ఒక మొహం కాదు." దువ్వెన ఆగిపోయింది. "పోయినదానికి మీరు ఏడుస్తున్నట్టుంటుంది. నేను ఇంకా పోలేదండీ. ఎదురుగా మంచం మీద పడుకుని అది చూడ్డం నావల్ల కావట్లేదు."

క్లబ్బులో ఎప్పట్నుంచో దీనిమీద కన్నేసిన పళ్ళ డాక్టరుకి తనే కబురు పెట్టాడు, కాగితాలకి తనే తిరిగాడు. ఆవిడ కోరింది చేస్తున్నాడు. చేస్తూనే లోపల ఇంకో బేరం నడుపుతున్నాడు. డాక్టరు రాగానే ఏదో లోపం చెప్పొచ్చు. కర్రలో సన్నటి చీలిక ఉందంటే, కలప షావుకారు మాట ఎవడు కాదంటాడు? లేదా ఆఖరి నిమిషంలో ధర పెంచేస్తే డాక్టరే లేచిపోతాడు, పాపం అతనిదే అవుతుంది. ఇది పోతే ఆ భుజం ఎక్కడుంటుంది ఇక? ఫోటో ఒక్కటి లేదు, క్వారీకి కెమెరా తీసుకెళ్ళాలని ఎవరికి తోస్తుంది, ఆదివారాలు అయిపోతాయని ఎవరికి తెలుసు? ఆవిడ ఎత్తు, ఆవిడ మెడ పొడవు, ఆవిడ భుజం గుంట లోతు, ఇవన్నీ కొలిచి దాచిన వస్తువు లోకంలో ఇదొక్కటే, అదీ ఆవిడ పుట్టకముందే ఎవడో చేసి పెట్టింది. బయట బండి ఉన్నట్టుండి స్టార్టయింది. పెట్రోలు ఉందన్నమాట. తన లెక్క తప్పింది. గుమ్మంలో చెప్పుల చప్పుడైంది, పళ్ళ డాక్టరు సరిగ్గా వేళకి వచ్చాడు.

"నన్ను అక్కడికి తీసుకెళ్ళండి," అంది లోపల్నుంచి. చక్రాల కుర్చీలోకి దించి ముందు గదిలోకి తోసుకొచ్చాడు. డాక్టరు కుర్రాడే, మర్యాదస్తుడు, "బాగున్నారా పిన్నిగారూ" అని వంగి పలకరించి, చేతులు రుమాలుతో తుడుచుకుని మరీ రైఫిల్ ముట్టుకున్నాడు. గొట్టాలు వంచి ఖాళీగా ఉన్నాయని చూసి, కిటికీ అవతలి మొండిగోడ వైపు తిరిగి కుడి భుజానికి ఎత్తాడు. చెంప కర్రకి ఆనలేదు. మెడ సాగదీశాడు, మళ్ళీ ఎత్తాడు.

"కన్ను ఒకచోట, గురి ఒకచోట ఉంటోందండీ. నా దవడని పక్కకి నెట్టేస్తోంది. ఫర్వాలేదులెండి, మిస్త్రీ కొడుకుతో మాట్లాడాను, వేడి నూనెతో కుడికి వంచేస్తాడట."

వంచడం! ఇది లెక్కలోకే రాలేదు తనకి. అమ్మడమంటే ఇంకో ఇంట్లో ఉంటుందనుకున్నాడు గాని, ఉండకుండా పోతుందనుకోలేదు. ఇప్పుడు చీలిక మాట చెప్పాలి. ఇప్పుడే. నోరు తెరిస్తే ఆ మాట రాలేదు, "ఒక్కసారి ఇటివ్వండి" అని వచ్చింది. తీసుకుని, ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెయ్యని పని, ఎడమ భుజానికి ఎత్తాడు. వెనక నిలబడటమే తప్ప ఆవిడ చూసింది తనెప్పుడూ చూడలేదు, ఒక్కసారి చూసి ఇచ్చేద్దామని. చెంప ఆనించాడు, చల్లగా ఉంది. కుడికన్ను మూయబోయాడు. కుడికన్ను ఒక్కటే మూసుకోవడం తనకి రాదని అప్పుడు తెలిసింది, దాన్ని మూస్తే రెండూ మూసుకుపోయాయి. మళ్ళీ ప్రయత్నించాడు. చీకటి. ఆ చీకట్లో క్వారీ లేదు, రాయి లేదు, అరచెయ్యి ముందుకొచ్చి ఇనుము పట్టుకోవాల్సొచ్చింది కాబట్టి దానికి ఆనడానికి ఆ భుజమూ లేదు, బరువొక్కటే ఉంది. అప్పుడు పక్కనుంచి గొంతు వచ్చింది.

"ఆ మోచెయ్యేంటి రెక్కలా లేపారు, ఎగరబోతున్నారా? దించండి. మెడ దాని దగ్గరికి తీసుకెళ్ళకండి, దాన్ని మెడ దగ్గరికి తెచ్చుకోండి. ఎడమకాలు వెనక్కి. ఇంకా. అబ్బ, బియ్యం బస్తాలా నిలబడతారేం? ఊపిరి సగం వదలండి, మొత్తం కాదు. డాక్టరు గారూ, మీకూ అదే తప్పు, నవ్వుతారేం, మీరు మరీ మెడ సాగదీశారు, వంచినా నాలుగు రోజులకి మెడ పట్టేస్తుంది మీకు."

కళ్ళు మూసుకునే విన్నాడు షావుకారు. మాట జారుతోంది, నిజమే. కానీ ఇలా చెప్పేది ఎవరు? క్వారీలో కొత్తవాళ్ళని ఈ గొంతే కదా కడిగేసేది, ఈ విసురే, మాట చివర ఈ కసురే. గుంట లోతూ మెడ పొడవూ కొలిచి ఇన్నాళ్ళూ ఈ కర్రలో వెతుక్కుంటున్నాడు తను, ఆ మనిషేమో పక్కన చక్రాల కుర్చీలో కూర్చుని మోచెయ్యి దించమని తిడుతోంది. ఎంత పెద్ద తప్పు లెక్క! కళ్ళు తెరిచి రైఫిల్ దించాడు.

"తీసుకెళ్ళండి డాక్టరు గారూ. కర్రలో లోపం లేదు. వంచేటప్పుడు మాత్రం తొందరపడొద్దని చెప్పండి, ముదురు కర్ర, మెల్లిగా చెప్తే వింటుంది."

పెట్టె మూసి, తోలు పట్టీ బిగించి, తనే గుమ్మం దాకా మోసి ఇచ్చాడు. తిరిగొచ్చేసరికి బల్ల మీద దుప్పటి ఒక్కటే ఉంది, మధ్యలో నొక్కుకుపోయి. గుండెలో కూడా అలాగే ఉంది, లేదని అబద్ధమెందుకు? దుప్పటి మడతపెట్టబోతే ఆవిడ అంది, "వచ్చే ఆదివారం క్వారీకి పోదాం."

"ఎందుకు? చేతిలో ఏముందని?"

"నోరుందిగా. ఆ డాక్టరుని వదిలేస్తే గాలిని కాలుస్తాడు. ఎవరో ఒకరు తిట్టాలి."

షావుకారు దుప్పటి పట్టుకుని నిలబడ్డాడు. కారు క్వారీ గేటు దాకా పోతుంది. గేటు నుంచి గురి పెట్టే చోటు వరకూ అంతా కంకర, కుర్చీ చక్రాలు కూరుకుపోతాయి. పలకలు పరవాలి. పది పలకలు చాలవు, పరిచిన వెనకటి వాటిని తీసి ముందుకి పరుచుకుంటూ పోతే చాలవచ్చు. టేకు వద్దు, బరువు, తేలిక కర్ర అయితే తనొక్కడే ఎత్తగలడు. వెడల్పు ఎంతుండాలి మరి? గోడకి తగిలించిన చొక్కా జేబులోంచి టేపు తీసి, మోకాళ్ళు పట్టుకుంటూ నేల మీద కూర్చుని, దాని కొస ఆవిడకి అందించాడు.

"ఈ చక్రం బయటి అంచుకి పెట్టి పట్టుకో. జారనివ్వకు."

ఆవిడ కుడిచేత్తో అందుకుని, పక్కకి వంగి, అంచుకి నొక్కిపెట్టింది. "ముందు మీరు సరిగ్గా లాగండి షావుకారు గారూ," అంది, "నావైపు కదల్లేదు."